తక్కువ ధరకు దొరికిన రంపం

దుకాణంలో ప్రదర్శనకు నిలబెట్టిన వస్తువు బతుకు విచిత్రమైనది. వచ్చిన ప్రతివారూ దాన్ని తాకుతారు, తిప్పుతారు, తలుపు తెరిచి మూస్తారు. తీరా కొనే సమయానికి గిడ్డంగిలోనుంచి పెట్టె విప్పని మరొక వస్తువును తెప్పించుకుని వెళ్ళిపోతారు. అందరి చేతులూ పడిన ఆ మొదటి వస్తువు మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే నిలిచి ఉంటుంది. ఒకనాడు యజమాని కొత్త నమూనా తెప్పించాలనుకుంటాడు, లేదా దుకాణమే ఎత్తివేయాలనుకుంటాడు. అప్పుడు దాని మెడలో ఒక ఎర్ర చీటీ పడుతుంది. ఆ చీటీని చూసి ఆగని మనిషి అరుదు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న పట్టణంలో, ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి విశ్రాంతి తీసుకుంటున్న ఒక వ్యక్తి అటువంటి చీటీ ముందే ఆగిపోయాడు. అది ఒక బ్యాండ్ సా. మన కోత మిల్లుల్లో పెద్ద దుంగలను పలకలుగా చీల్చే యంత్రానికి అది చిన్న తమ్ముడు వంటిది. ఇంటి వెనుక షెడ్డులో ఒక మూల ఇమిడిపోతుంది. కొత్తదాని వెల 900 డాలర్లు. చీటీ మీద 540 అని ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో మరొక మాట ఉంది: ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును.

ఆయనకు ఆ యంత్రంతో పని లేకపోలేదు. ఇంట్లో ఆయన భార్యకు ఆమె తల్లి ఇచ్చిన ఆరు భోజనాల కుర్చీలున్నాయి. వాటిలో ఒకదానికి వీపు ఆనే అడ్డపట్టె విరిగి తొమ్మిదేళ్ళయింది. ఆ పట్టె నాలుగంగుళాల వెడల్పున, కూర్చున్నవారి వీపుకు అనుగుణంగా కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఆ నమూనా కుర్చీలు చేసిన కార్ఖానా ఎన్నడో మూతపడింది. చేత్తో కోసే రంపం నిటారుగా పోతుందే గాని, వంపు వెంట అంత లోతుగా కోయలేదు. చేతిలో ఇమిడే విద్యుత్ రంపాల బ్లేడు దళసరి చెక్కలో కొస వంగి పక్కకు పోతుంది. దళసరి ఓక్ పలకను అంచు మీద నిలబెట్టి, ఒక వంపు గీత వెంట, దానికి సమాంతరంగా మరొక గీత వెంట కోసుకుపోగల సాధనం ఇంటి పనివాడికి ఒక్కటే ఉంది. అది ఆ దుకాణం మూలలో నిలబడి ఉన్నదే.

ఆగని రంపం

రంపం ఎంత పాతదో, దాని బాధ కూడా అంతే పాతది. ముందుకు తోసినప్పుడు కోస్తుంది. వెనక్కు లాగినప్పుడు ఊరికే వస్తుంది. దుంగను ఎత్తు మీద పెట్టి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి రోజంతా లాగిన కోతగాళ్ళకు ఆ వృథా శ్రమ సంగతి బాగా తెలుసు. ఎడతెగని బాధకు తెలుగువారు 'రంపపు కోత' అని పేరు పెట్టడం ఊరికే కాదు. ఈ రాకపోకలు లేకుండా, పళ్ళున్న ఉక్కు పట్టీని దండలా కలిపి రెండు చక్రాల మీద తిప్పితే అది ఎప్పుడూ ఒకే దిశలో కోస్తుంది గదా అన్న ఆలోచన విలియం న్యూబెరీ అనే ఆంగ్లేయునికి వచ్చింది. 1800 తరువాత పదేళ్ళు తిరగకుండానే ఆయన దానికి బ్రిటిష్ పేటెంటు పొందాడు.

ఆలోచన బాగానే ఉంది, ఉక్కు ఒప్పుకోలేదు. చక్రం మీదుగా పోయే ప్రతిసారీ పట్టీ వంగుతుంది, మళ్ళీ తిన్ననవుతుంది. కొద్దిసేపటికే అతుకు దగ్గర విరిగిపోయేది. దాదాపు నలభై ఏళ్ళపాటు ఈ యంత్రం కాగితం మీదనే ఉండిపోయింది. చివరకు ఆ అతుకును నిలబెట్టింది ఒక ఫ్రెంచి మహిళ. ఆన్ పాలిన్ క్రెపాఁ 1846లో తన అతుకు పద్ధతికి పేటెంటు కోరింది. పారిస్ లోని పెరాఁ కంపెనీ ఆమె వద్ద హక్కులు కొని, మెరుగైన ఉక్కును, పదును పెట్టే కొత్త పద్ధతులను దానికి జోడించి, పనికివచ్చే బ్లేడును తయారుచేసింది. ఒక యంత్రం భవిష్యత్తు మొత్తం అంగుళం వెడల్పయినా లేని ఒక అతుకు మీద ఆధారపడిందన్న మాట. విడిభాగాల విలువ తెలుసుకోగోరేవారు గుర్తుంచుకోదగిన సంగతి ఇది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ యంత్రం కార్ఖానాల నుంచి ఇళ్ళకు దిగివచ్చింది. మిల్వాకీ నగరంలో 1919లో మొదలైన డెల్టా కంపెనీ, పోత ఇనుప చట్రంతో చేసిన 14 అంగుళాల నమూనాను అమెరికా ఇంటి పనివారికి సుపరిచితం చేసింది. తరువాతి కాలంలో తైవాన్ కార్ఖానాలు అదే పోలికతో అనేక కంపెనీల పేర్లమీద యంత్రాలు పోతపోశాయి. 14 అంగుళాలన్నది చక్రం వ్యాసం. ఆ తరగతి యంత్రాలు సాధారణంగా ఆరంగుళాల ఎత్తు చెక్కను కోయగలవు. వాటికి పట్టే బ్లేడు చుట్టుకొలత 93½ అంగుళాలు. అది నిమిషానికి సుమారు 3,000 అడుగుల వేగంతో, అంటే సెకనుకు ఆరుసార్లకు పైగా, చక్రాలను చుట్టి వస్తుంది.

ఉన్నది ఉన్నట్టుగా

విశ్రాంత ఉద్యోగి తెలివితక్కువవాడేమీ కాదు. చీటీ చూసిన వెంటనే డబ్బు తీయలేదు. చేయవలసిన పరీక్షల్లో ముఖ్యమైనవి చేశాడు. పై చక్రాన్ని, కింది చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు, గరగరమనలేదు. పక్కలకు ఊపి చూశాడు, ఆడలేదు. చక్రాలకు తొడిగిన రబ్బరు పట్టీలను గోటితో నొక్కాడు; పగుళ్ళు లేవు. బల్ల మీద ఉక్కు బద్ద నిలబెట్టి, దాని కిందినుంచి వెలుతురు వస్తున్నదేమో చూశాడు. బల్ల సమంగానే ఉంది. చట్రానికి బీటలు లేవు. మోటారుకు తీగ తగిలించి తిప్పమన్నాడు. అది మాత్రం తిరగలేదు.

"దీని స్విచ్చులో ఒక పసుపుపచ్చ తాళం ఉండాలి సార్. పిల్లలు ఆడకుండా మేమే ఎప్పుడో తీసి ఎక్కడో పెట్టాం. మోటారుకేమీ లోపం లేదు," అన్నాడు దుకాణదారు.

"ఇంకేమైనా తీసి పెట్టారా?"

"చిన్నాచితకా ఏమైనా ఉంటే ఉండవచ్చు. అందుకే గదా మీకీ ధర."

ఆ జవాబులో అబద్ధం లేదు. అమెరికాలో 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న షరతుకు చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధమైన అర్థం ఉంది. వస్తువు తన పని తాను చేస్తుందని అమ్మకందారు మాటలో చెప్పకున్నా చట్టం ఊహించుకునే హామీని ఆ షరతు తొలగిస్తుంది. కొన్ని రాష్ట్రాలు వినియోగ వస్తువులను ఆ షరతుమీద అమ్మడానికి ఒప్పుకోవు. తయారీదారు రాతపూర్వకంగా ఇచ్చిన గ్యారంటీ ఉంటే అది వేరే సంగతి. ప్రదర్శన వస్తువుకు కూడా అది వర్తిస్తుందా, వర్తిస్తే ఏ తేదీనుంచి అన్నది కొనకముందే అడగవలసిన ప్రశ్న. ఆయన ఆ ప్రశ్న అడగలేదు. 360 డాలర్ల ఆదా అన్న అంకె మనసులో ఒకసారి కూర్చున్న తరువాత, దాన్ని లేపగల ప్రశ్నలు నాలుకదాకా రావు.

లేనివాటి లెక్క

యంత్రం షెడ్డు చేరిన సాయంత్రం ఆయన తయారీదారు ముద్రించిన విడిభాగాల పటాన్ని సంపాదించి బల్లమీద పరిచాడు. యంత్రాన్ని గాలిలో పేల్చి, ముక్కలన్నీ తమతమ వరుసల్లో ఆగిపోయినట్టు గీసే ఆ బొమ్మలో ప్రతి బోల్టుకూ ఒక సంఖ్య ఉంటుంది. పెన్సిలు పట్టుకుని, యంత్రం మీద ఉన్న ప్రతి భాగానికీ పటంలో ఒక టిక్కు పెడుతూ పోయాడు. పని ముగిసేసరికి టిక్కు పడనివి ఎనిమిది మిగిలాయి: స్విచ్చు తాళం, మోటారు నుంచి చక్రానికి పోయే బెల్టు, కింది తలుపు గుబ్బ, కింది గైడులో బ్లేడు వీపును ఆపే బేరింగు, బల్ల చీలికను బిగించే పిన్ను, బ్లేడు చుట్టూ బల్ల రంధ్రాన్ని కప్పే చిన్న గుండ్రటి బిళ్ళ, కోణపు కోతలకు వాడే మట్టం, బ్లేడు ముందుభాగాన్ని కప్పే రేకు కవచం. వీటికి తోడు బ్లేడు ఎలాగూ కొత్తది కావాలి. పలకను తిన్నగా నడిపించే ఫెన్సు కమ్మీ ఆ ధరలో మొదటినుంచీ లేదు.

ఇటువంటి జాబితా ఎదురైనప్పుడు అనుభవమున్న పనివారు దాన్ని మూడు కుప్పలుగా విడదీస్తారు. లోకమంతటా ఒకే కొలతతో దొరికేవి మొదటి కుప్ప. ఆ యంత్రం తయారీదారు ఒక్కడే ఇవ్వగలిగినవి రెండవది. చేత్తో చేసుకోగలిగినవి మూడవది. మొదటి కుప్పలోని వస్తువును తయారీదారువద్ద తెప్పించుకుంటే డబ్బు దండగ. రెండవ కుప్పలోనిదానికి బజారులో దొరికిన పోలికను అమర్చితే యంత్రం దండగ.

బేరింగు మొదటి కుప్పలోనిది. కింది బేరింగు లేకపోయినా, పై గైడులో దాని జోడీ ఉంది. దాని అంచు మీది జిడ్డు తుడిచి చూస్తే 6202 అన్న అంకె కనిపించింది. ఈ అంకెలకు సరిహద్దులు లేవు. 6202 అంటే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 35, మందం 11. ఒహాయోలో అడిగినా, విజయవాడ ఆటోనగర్ లో అడిగినా అదే కొలత వస్తువు చేతిలో పెడతారు. ఆయన రెండు కొన్నాడు. పాతదాన్ని కూడా మార్చి, మొత్తం 10 డాలర్లతో బయటపడ్డాడు. బెల్టు సంగతీ అంతే. వి ఆకారపు బెల్టులకు వెడల్పును బట్టి అక్షరం, పొడవును బట్టి అంకె ఉంటాయి. పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలిచి తెచ్చుకున్నాడు.

పిన్ను దగ్గర మాత్రం ఆయన మొదటి పొరపాటు చేయబోయాడు. బ్లేడును లోపలికి దూర్చడానికి వీలుగా బల్లను అంచునుంచి మధ్యదాకా చీల్చి ఉంచుతారు. ఆ చీలికకు రెండువైపులా ఉన్న ఇనుము ఒకే మట్టంలో నిలవడానికి, అంచు దగ్గర ఒక పిన్ను దిగగొడతారు. ఆ రంధ్రంలో మామూలు బోల్టు వదులుగా నిలిచింది గాని బిగియలేదు. కారణం, ఆ రంధ్రం గోపురంలా ఒక కొసకు సన్నబడుతూ పోతుంది. అమెరికన్ కొలతలో అటువంటి పిన్నులు అడుగుకు పావు అంగుళం చొప్పున సన్నబడతాయి. మెట్రిక్ కొలతలో యాభైకి ఒకటి. ఈ వాలు కంటికి దాదాపు ఆనదు. కానీ సుత్తితో ఒక చిన్న దెబ్బ వేస్తే పట్టుకుంటుంది, వెనుకనుంచి మరొక దెబ్బ వేస్తే వదిలేస్తుంది. ఇది కూడా అంకె చెబితే దొరికే వస్తువే.

రెండవ పొరపాటు తలుపు గుబ్బ వద్ద కాచుకుని ఉంది. గుబ్బ మర కొలిస్తే దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు వచ్చింది. అమెరికన్ దుకాణంలో దొరికే 5/16 అంగుళం బోల్టు వ్యాసం 7.94 మిల్లీమీటర్లు, మెట్రిక్ ఎనిమిది నంబరు బోల్టుది 8. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా తెలియదు. కానీ మొదటిదానికి అంగుళానికి 18 మరలు, అంటే మరకూ మరకూ మధ్య 1.41 మిల్లీమీటర్లు. రెండవదానికి 1.25. తప్పు బోల్టు ఒకటి రెండు చుట్లు చక్కగా తిరుగుతుంది, ఆపైన బిగుస్తుంది. బలవంతం చేసినవాడి చేతిలో రంధ్రం మర చెడిపోతుంది. వేలితో తిరగని బోల్టును పానాతో తిప్పరాదన్నది యంత్రశాలల్లో మొదటి పాఠం. ఆయన తిప్పలేదు, యంత్రం నుంచే మరొక బోల్టు విప్పి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళాడు.

తయారీదారుకు పంపిన ఉత్తరానికి తాళం మూడో రోజున వచ్చింది. కవచం, బిళ్ళ రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు.

శబ్దం

బెల్టు, బేరింగులు, పిన్ను, గుబ్బ, తాళం, అర అంగుళం బ్లేడు. మొత్తం 74 డాలర్లు. ఇవి అమర్చేసరికి యంత్రం తిరగడానికి సిద్ధమయింది. బ్లేడు నడకను సరిచేసే విధానం ఆయన పుస్తకంలో చదివి నేర్చుకున్నాడు. చక్రాల అంచు చదునుగా ఉండదు. మధ్యలో కొద్దిగా ఉబికి ఉంటుంది. తిరిగే పట్టీ ఎప్పుడూ ఆ ఉబ్బు శిఖరం వైపే ఎక్కుతుంది. కనుక పై చక్రాన్ని వెంట్రుకవాసి వంచితే చాలు, బ్లేడు దానంతటదే మధ్యకు వస్తుంది. ఇదంతా మోటారు వేయకుండా, చేత్తో తిప్పుతూ చేయాలి. ఆ తరువాత గైడు దిమ్మలను బ్లేడుకు ఇరువైపులా ఒక కాగితం దూరే ఎడంతో, పళ్ళ వెనుకగా నిలపాలి. వీపు బేరింగు ఖాళీగా తిరిగే బ్లేడును తాకకూడదు; కోత మొదలై చెక్క నెట్టినప్పుడు మాత్రమే తాకాలి. ఇవన్నీ ఆయన ఒకటికి రెండుసార్లు చేశాడు.

చేయనిది ఒక్కటే. బిళ్ళ, కవచం వచ్చేదాకా ఆగలేదు.

"ఒక్కసారి తిప్పి చూస్తానంతే," అన్నాడు భార్యతో.

పనికిరాని చెక్కముక్క తీసుకుని వంపు గీత గీశాడు. మొదటి కోత వెన్నలో కత్తిలా సాగింది. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన పని చేతికి అందినట్టనిపించింది. రెండవ కోతలో బొటనవేలంత తుంపు ఒకటి విడిపడి, బ్లేడు పక్కనే ఒరిగింది. మామూలుగా ఆ తుంపు బిళ్ళ మీద పడి అక్కడే ఉండాలి. బిళ్ళ ఉండవలసినచోట ఖాళీ ఉంది. తుంపు అందులోకి తల దూర్చి, బ్లేడుకూ ఇనుప అంచుకూ మధ్య మేకులా బిగుసుకుంది. క్షణంలో తుపాకి పేలినట్టు శబ్దం వచ్చింది. బ్లేడు తెగింది. తెగిన కొస ఒకటి, కవచం ఉండవలసిన స్థలం గుండా జానెడు మేర బయటకు దూకి, వణికి ఆగింది.

ఆయన భార్య అప్పుడే టెలిఫోను వచ్చిందని చెప్పడానికి షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. ఆమెకూ ఆ కొసకూ మధ్య అయిదారడుగుల దూరం ఉంది. ఆయన చేతికీ దానికీ మధ్య అంత కూడా లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. స్విచ్చు ఆపిన తరువాత కూడా చక్రాలు కొంతసేపు తిరుగుతూనే ఉన్నాయి. అవి ఆగేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

"నాకు కుర్చీ అక్కర్లేదు. నీ చేతులు కావాలి," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆయన తన జాబితాను మళ్ళీ ముందు పెట్టుకున్నాడు. అప్పుడు కనిపించింది అసలు సంగతి. ముందుగా కొన్నవన్నీ యంత్రాన్ని కదిలించే భాగాలు. ఆగితే ఆగవచ్చునని వదిలినవి మనిషిని కాపాడే భాగాలు. బెల్టు లేకపోతే యంత్రం తిరగదు గనుక లోటు వెంటనే తెలుస్తుంది. బిళ్ళ లేకపోయినా, కవచం లేకపోయినా యంత్రం హాయిగా తిరుగుతుంది; ఆ లోటు ఎవరూ చెప్పరు. దుకాణంలో ఏళ్ళపాటు ప్రతివారూ బ్లేడును తాకి చూడడానికి అడ్డమని తీసి పారేసినది కూడా మొట్టమొదట ఆ కవచాన్నే అయి ఉంటుంది.

బ్యాండ్ సా నిజానికి మంచి యంత్రం. గుండ్రటి రంపంలా అది చెక్కను కోసేవాడి మీదకు విసిరికొట్టదు. దాని లాగుడు కిందికి, బల్లవైపే ఉంటుంది. అందువల్లనే మనుషులు దానితో చనువు తీసుకుంటారు. పై గైడును, దానితోపాటు కవచాన్ని చెక్కకు పావు అంగుళం ఎత్తుదాకా దించితే, బయట కనిపించే బ్లేడు చెక్కలో మునిగి ఉన్నంత మాత్రమే. దించకపోతే ఆరంగుళాల నిలువు కత్తి సెకనుకు యాభై అడుగుల వేగంతో వేళ్ళ పక్కన పరుగెత్తుతూ ఉంటుంది.

మరునాడు ఆయన మొదటగా పల్చటి ప్లైవుడ్ ముక్కను చేతి రంపంతో గుండ్రంగా కోసి, ఆకురాయితో అంచు నున్నచేసి, బల్ల రంధ్రంలో అమర్చాడు. పావుగంట పట్టింది. మూడు వారాల తరువాత 12 డాలర్ల అసలు బిళ్ళ వచ్చింది. చెక్క బిళ్ళే బాగా కుదిరిందని దాన్ని సొరుగులో వేశాడు. కవచానికి మాత్రం సొంత తెలివి వాడలేదు. అది చేరి, రెండు మరలతో బిగిసేదాకా స్విచ్చు తాళం వంటింట్లో, ఆమె మసాలా డబ్బాల పక్కన ఉంది.

మిగిలింది ఎంత?

ఇక లెక్క. మొదటి విడత భాగాలు 74 డాలర్లు. కవచం 38, బిళ్ళ 12, పంపిన ఖర్చు 22, కలిపి 72. తెగినదానికి మారుగా కొన్న బ్లేడు 30. కోణపు మట్టం 45. మొత్తం 221. కొన్న ధర 540తో కలిపితే 761. కొత్త యంత్రం 900కు వచ్చేది. ఎర్ర చీటీ చూపిన ఆదా 360. చేతికి దక్కినది 139. అందుకు పట్టిన కాలం ఆరు వారాలు.

అయితే ఇది నష్టపు బేరమా? కాదనే చెప్పాలి. పెట్టె విప్పి బిగించుకున్నవారికి తమ యంత్రంలో ఏ భాగం ఎందుకున్నదో తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. లేని భాగాలను ఒక్కొక్కటిగా వెదికినవాడికి ప్రతి ఒక్కటీ పేరుతో పరిచయమవుతుంది. కానీ ఆ చదువుకు వేళ్ళు ఫీజుగా చెల్లించవలసిన అవసరం లేదు.

ఇది ఒక్క రంపానికి సంబంధించిన విషయమూ కాదు. మన నగరాల్లో కూడా పండుగల ముందు, దుకాణాలు మారేటప్పుడు, ప్రదర్శనకు పెట్టిన రిఫ్రిజిరేటర్లు, బట్టలుతికే యంత్రాలు, మిక్సీలు, కుట్టుమిషన్లు తగ్గింపు ధరకు అమ్మకానికి వస్తుంటాయి. అటువంటివి కొనబోయేవారు పాటించదగిన వరుస ఒకటి ఉంది. డబ్బు ఇవ్వకముందే విడిభాగాల పటమో, వాడకపు పుస్తకమో అడిగి తీసుకుని, అక్కడే నిలబడి ఒక్కొక్క భాగాన్నీ సరిచూడాలి. లేనివాటి ధర తెలుసుకుని, ఆ మొత్తాన్ని తగ్గింపులోనుంచి తీసివేసి, మిగిలినది మన శ్రమకు తగినదేనా అని ఆలోచించాలి. ఆ నమూనాకు విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయో లేదో విచారించాలి. తయారీ నిలిచిపోయిన నమూనా అయితే చవక కూడా ఖరీదే. గ్యారంటీ తేదీని బిల్లుమీద రాయించుకోవాలి. ఏయే భాగాలు లేవో కూడా అదే బిల్లుమీద రాయిస్తే, తరువాత తగాదాకు తావుండదు.

బిల్లు అడగడానికి మొగమాటపడనక్కరలేదు. భారతదేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చి, 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం, అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజులలో, వెనక్కు తీసుకోవడానికి నిరాకరించడం కూడా అటువంటిదే. చెప్పి అమ్మిన లోపం వేరు, దాచి అమ్మిన లోపం వేరు. ఏది చెప్పారో, ఏది దాచారో తేల్చగలిగేది కాగితం ఒక్కటే.

అన్నిటికంటె ముఖ్యమైన నియమం మాత్రం బిల్లులో దొరకదు. కాపాడే భాగం వచ్చేదాకా కదిలించే భాగం కొనకూడదు. కుక్కరు మూతకు సేఫ్టీ వాల్వు, మిక్సీ జాడీకి మూత, గ్రైండరుకు గార్డు, మోటారుకు ఎర్తు తీగ, వీటిలో ఏది లేకపోయినా యంత్రం నడుస్తుంది. నడవడమే అందులోని మోసం.

చివరకు ఓక్ పలక మీద వంపు గీత పడింది. దళసరి చెక్కకు అంగుళానికి మూడే పళ్ళున్న బ్లేడును ఆయన ఎన్నుకున్నాడు. పళ్ళ మధ్య ఎడం ఎక్కువ ఉంటేనే పొట్టు బయటకు వస్తుంది. అర అంగుళం వెడల్పు బ్లేడు రెండున్నర అంగుళాల వ్యాసార్ధంగల మలుపు దాకా తిరగగలదు. కుర్చీ వంపు అంతకంటె ఎంతో తిన్ననిది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కవచాన్ని చెక్కదాకా దించి, గీతకు కొంచెం బయటగా కోసి, మిగిలినదాన్ని చేతి చిత్రికతో నునుపు చేశాడు.

కొత్త పట్టె పాతవాటికంటె రంగు తక్కువ. దానికి రంగు పట్టించబోతే ఆయన భార్య వద్దన్నది. భోజనాల బల్ల చుట్టూ ఇప్పుడు ఆరు కుర్చీలున్నాయి. ఎవరైనా వస్తే ఆమె తెల్లటి పట్టె ఉన్న కుర్చీలో తాను కూర్చుంటుంది.